జట్టులో ఒక్క చోటు

ప్రాక్టీసు అయిపోయి యానాం గ్రౌండులో అమ్మాయిలంతా ఇళ్ళకు వెళ్ళిపోయారు. పాండిచ్చేరిలో జరిగే పోటీలకి రేపు పొద్దున్నే పేర్లు ఫ్యాక్స్ చెయ్యాలి. బాస్కెట్‌బాల్ జట్టులో ఇంకా ఒక్క చోటు ఖాళీగా ఉంది. కోచ్ పక్కన ఆయన కూతురు కూర్చుని బూట్లు విప్పుకుంటోంది.

"ఆ మెట్టకూరు పిల్లనే తీసుకుంటావా నాన్నా?"

"ఎక్కణ్ణించి వేసినా బాస్కెట్లో పడుతుంది కదమ్మా దానికి."

"వేసేవాళ్ళు మనకి ఇప్పటికే నలుగురున్నారు. మరి అవతలి పొడుగు పిల్లల్ని ఎవరాపుతారు? రింగుకి తగిలి వెనక్కొచ్చే రీబౌండ్లు ఎవరు పడతారు?"

"నువ్వే. ఆ మాత్రం నాకు తెలీదేంటి?"

"తెలిస్తే మరేంటి?"

"నిన్ను తీసుకుంటే కూతుర్ని ఎక్కించుకున్నాడంటారు. చూపిద్దామంటే నీ పేరు మీద పాయింట్లు లేవు. నువ్వు ఆడే ఆట నాకు తప్ప ఎవరికీ కనపడదు."

"నేను వేరేవాళ్ళ కూతుర్నైతే?"

"ముందు నీ పేరే చెప్పేవాణ్ణి."

ఆ మాట అనేశాక ఆయనకి తలెత్తి కూతురి మొహం చూడబుద్ధి కాలేదు. కూతుర్ని తీసుకెళ్తే ఊరు అంటుంది, తీసుకెళ్ళకపోతే తన మనసే అంటుంది.

"అయితే రేపట్నించి నేను ప్రాక్టీసుకి రానక్కర్లేదా?"

"రావాలమ్మా. నువ్వు ఎదురు నిలబడకపోతే ఆ పిల్ల ఆట పదునెక్కదు."

ఆమె బూట్లు చేత్తో పట్టుకుని లేచింది. "వస్తాను సార్," అని, ఎప్పుడూ గ్రౌండులో కూడా నాన్నా అనే పిలిచే కూతురు ఉత్తకాళ్ళతో గేటు వైపు నడిచింది.