పొంగని చుక్క

ఐర్లండులోని గాల్వే ఆసుపత్రిలో అలర్జీ పరీక్షలు చూసే నర్సు టీచరమ్మ చేతిమీద పిల్లి బొచ్చు, దుమ్ము లాంటివాటి ద్రవాలు వరసగా చుక్కలు వేసి, ఒక్కోచోట సూదితో గుచ్చి, పదిహేను నిమిషాలు గోకొద్దంది. ఆ నర్సు ఒకప్పుడు ఆమె దగ్గరే చదువుకుంది.

“టైమైంది మిస్, చెయ్యి చూపించండి.”

“పిల్లి చుక్క పొంగలేదుగా? మా ఆయన డోనల్ పెంచిన పిల్లి ఇక నాతోనే ఉండొచ్చు.”

“అసలు ఏ చుక్కా పొంగలేదు. ఈ మొదటిది అలర్జీ లేనివాళ్లకైనా పొంగాలి. పొద్దున అలర్జీ మాత్ర వేసుకున్నారా?”

ఆమె తలుపు వైపు చూసింది. దానికి అడ్డంగా నర్సు కుర్చీ ఉంది.

“సగమే.”

“అది వేసుకుంటే ఏదీ పొంగదు, వారం ముందే మానమని ఉత్తరం రాశాం కదా. మీరే కాపీ కొడితే ఎలా మిస్?”

“ఆయన పోయాక ఇంట్లో నాతోపాటు ఊపిరి పీల్చేది ఆ పిల్లి ఒక్కటే.”

“మీకే ఊపిరి ఆడటం లేదు కదా.”

“లెక్కల పరీక్షలో నువ్వు దొరికిపోయావు. మీ అమ్మకు చెప్పానా?”

“చెప్పలేదు. మళ్లీ రాయించారు.”

నర్సు కార్డు మీద వచ్చే మంగళవారం అని రాసి ఇచ్చింది.

“అప్పటిదాకా పడగ్గది తలుపు వేసుకుని పడుకోండి.”

“అది బయట గోకుతూనే ఉంటుంది.”

“మీరు తీస్తారా?”

ఆమె చొక్కా చెయ్యి మెల్లగా కిందికి లాక్కుంది.