సూర్యుణ్ణి బయటికి నెట్టిన మేస్త్రి

టీ కొట్టు బల్ల మీద మేస్త్రి గొంతు సవరించుకున్నాడంటే పక్కవాళ్లు ఇంకో టీ చెప్పుకోవాల్సిందే. ఆ రోజు మాత్రం అతనికి కావాల్సింది కబుర్లు కాదు, పని. చేతిలో పని లేక మూడు నెలలైంది. ఎదురుగా కూర్చున్న రిటైరైన పోస్ట్‌మాన్, మోకాళ్ల నొప్పులతో చలికాలమంతా మంచం దిగలేని భార్య కోసం వెచ్చటి గది కట్టించాలని వచ్చాడు.

"అప్పట్లో ఒక ఇల్లు కట్టానండీ. దక్షిణం గోడకి పెద్ద కిటికీ, పైన మూరెడు చూరు. ఎండాకాలం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, చూరు ఆపేస్తుంది. చలికాలం కిందికి దిగుతాడు, తిన్నగా లోపలికొచ్చేస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీ గట్టు మీద పాలు పెడితే పొంగిపోయాయి!"

"పొంగాయా?" అన్నాడు టీ కొట్టాయన.

"పొంగడమేంటి బాబాయ్, వాళ్లు పొయ్యే తీసేశారు! సూర్యుడికి ఆ ఇల్లు ఎంత నచ్చిందంటే, సాయంత్రమైనా కదలడే! వీధంతా చీకటి, ఆ గదిలో మిట్టమధ్యాహ్నం. మా వాటా ఎండ కూడా మీరే లాగేసుకుంటున్నారని ఇరుగుపొరుగు గొడవకొచ్చారు. ఇక లాభం లేదని నేనే వెళ్లి, సూర్యుణ్ణి రెండు చేతులా పట్టుకుని కిటికీలోంచి బయటికి నెట్టాను. ఇదిగో, కాలిన మచ్చ!"

"అది నిన్న నా టీ గిన్నె తగిలి కాలింది కదయ్యా!"

అందరూ గొల్లుమన్నారు. పోస్ట్‌మాన్ నవ్వలేదు. చేతిసంచీ తీసుకుని లేచాడు. నోరు అదుపులో పెట్టుకోలేక చేతికొచ్చిన పని పోగొట్టుకున్నానని మేస్త్రికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఆ ఇల్లు నాదేనండీ," అంది ఫ్లాస్కులో టీ పోయించుకుంటున్న టైలరమ్మ. "పాలూ పొంగలేదు, పొయ్యీ తీయలేదు. అన్నీ కోతలే. కానీ పునాది తవ్వకముందు ఈయన ఖాళీ స్థలంలో కర్ర పాతి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీడ ఎటు జరిగితే అటు సున్నంతో గుర్తులు పెడుతూ కూర్చున్నాడు. అన్నానికి కూడా లేవలేదు. చలికాలం ఎండ నా కుట్టుమిషను దాకా వస్తుంది. లైటు వేయకుండా సూదిలోకి దారం ఎక్కిస్తాను."

పోస్ట్‌మాన్ మేస్త్రి వైపు తిరిగాడు. "మా ఆవిడ మంచం దాకా ఎండ వస్తుందా?"

మంచమేం ఖర్మ, సూర్యుడు దుప్పటి కప్పుకుని పక్కనే పడుకుంటాడు అనబోయి, మేస్త్రి ఆ మాట మింగేశాడు.

"ముందు స్థలం చూడాలండీ. అన్నీ కుదిరితే రెండు గంటలు వస్తుంది. మబ్బు పడితే అదీ లేదు."

"రెండు గంటలు ఎండలో కాళ్లు చాపుకుంటే దానికి అదే చాలు," అంటూ పోస్ట్‌మాన్ మళ్లీ కూర్చున్నాడు.