పెద్ద బ్రేకులు

అమ్మేది లేదు బాపు. ఎన్నిసార్లడిగినా గదే మాట. చేవెళ్ల నుంచి గింత ఎండల బస్సెక్కి వచ్చినవ్, కూసో, చల్ల తాగు. కారు సంగతి మాత్రం తియ్యకు.

నీ అల్లుడే పంపిండు గదా నిన్ను? నాకెరుకే. ఎంకపల్లిల వాళ్లమ్మ దగ్గర కూసొని, వనితకు రేసు పిచ్చి పట్టింది, జర నువ్వన్న చెప్పు మామా అని ఫోన్ జేసి ఉంటడు.

ఏం పిచ్చి? చిన్న మంగళారంల పాలీహౌస్ ఏసి, జర్బెరా పూలు పెంచి, మార్కెట్‌కు మోసి మోసి కొనుక్కున్న స్పోర్ట్స్ కారు అది. సెకండ్ హ్యాండే, రెండు డోర్లదే. అయితేంది? మలుపుల నేలను కరుసుకొని పోతది. మొగోళ్లు కొంటే షోకు, నేను కొంటే పిచ్చా?

అనంతగిరి ఘాట్ల ఏమైందో నీకు చెప్పిండ్రు. ఔ, నిజమే. గుట్ట దిగుతుంటే బ్రేకులు కాగిపోయినయ్. ఒకటే మాడు వాసన. తొక్కితే పెడల్ మెత్తగ లోపలికి పోతున్నది గానీ బండి ఆగుతలేదు. ముంగట మలుపు, మలుపు అవుతల లోయ. హ్యాండ్ బ్రేక్ గుంజి, స్టీరింగ్ గుట్ట దిక్కు తిప్పితే మట్టికట్టను ఒరుసుకొని ఆగింది. బంపర్ పగిలింది. నేను, నీ అల్లుడు ఇద్దరం బతికినం.

ఇంటికొచ్చినంక అమ్మేద్దామన్నడాయన. నేను షెడ్డుకు తీస్కపోయిన. ముంగటి బ్రేకు డిస్కులు పెద్దయి ఏపిచ్చిన. అవి పాత చక్రాలల్ల పట్టకపాయె, చక్రాలు గూడ మార్పిచ్చిన. షెడ్డాయన అడిగిండు, అందరు ఇంజన్ పవర్ పెంచుమంటరు, నువ్వేందమ్మా ఆగుడుకు పెడుతున్నవని. ఆగుతదని నమ్మకముంటేనే గదన్నా ఉరికిచ్చేది, అన్న.

మరి నీ అల్లుడేం జేసిండు? నాకొక్క మాట చెప్పకుంట, పట్నంల ఉన్నది గాదు, మన మొయినాబాద్ దిక్కు హిమాయత్‌నగర్ల ఫామ్‌హౌస్ ఉన్న ప్రేమ్‌చంద్ సారును బేరానికి పిలిపిచ్చిండు. పోయిన ఆదివారం. సారు నడిపి సూస్తనంటే నేను పక్కసీట్ల కూసున్న.

మొయినాబాద్ దాటినంక ముంగట పోతున్న షేర్ ఆటో, చెయ్యన్న సూపకుంట, నడిరోడ్డు మీద టక్కున ఆగింది. ఎనక ఆడోళ్లు కాళ్లు బయటికి ఏలాడేసుకొని కూసున్నరు. సారు బ్రేక్ మీద నిలబడ్డడు. బండి గీత గీసినట్టు ఆగింది. ఒక అవ్వ మా దిక్కు సూసి, కాళ్లు లోపలికి తీసుకున్నది. గంతే.

ఇంటికి రాంగనే సారు, ఇప్పుడే తీస్కపోత అన్నడు. నీ అల్లుడు తాళంచెవి ఇయ్యబోయిండు. నేను ఆయన చేతులకెంచి గుంజుకున్న. సారు ముంగట ఇజ్జత్ తీసినవని అప్పుడే బైక్ తీసి ఎంకపల్లికి ఎల్లిపోయిండు.

ఏంది అట్ల సూస్తున్నవ్? భయం లేదా అనా? ఎందుకు లేదు బాపు. భయమైంది కాబట్టే బాగుచేపిచ్చిన. ఆయనకు భయమైతే అమ్ముమంటడు. నాకు అమ్ముడు రాదు.

ఇజ్జత్ అంటుండు గదా, ఇంకోటి చెప్త ఇను. ఎవరికి చెప్పలే ఇప్పటిదాంక.

ఆ దినం ఘాట్ల నడిపింది నేను గాదు. ఆయన.

చిన్న గేర్ల దిగు, ఊకె బ్రేక్ తొక్కకు అని చెప్తనే ఉన్న. ఇనలే. పక్కసీట్లకెంచి హ్యాండ్ బ్రేక్ గుంజింది నేను, స్టీరింగ్ తిప్పింది నేను. ఇంటికొచ్చినంక మంది అడిగితే, ‘వనిత నడిపింది’ అన్నడు. మొగుడాయె, మందిల చిన్నగైతడని నేను నోరు మూసుకున్న. ఊరంత నమ్మింది. నువ్వు గూడ నమ్మినవ్, ఒక్కసారన్న నన్నడగకపోతివి.

పెద్ద బ్రేకులు నా ఒక్కదాని కోసమే అనుకున్నవా? రేపు మళ్ల ఆయన గూడ ఎక్కుతడు. ఎవరు తొక్కినా ఆగాలె గదా.

పో, ఆయనకు చెప్తే చెప్పు, లేకుంటే లేదు. వస్తనంటే రమ్మను, వద్దన్ననా? రాకుంటే ఆయనిష్టం. బండి మాత్రం ఈ ఆకిలి దాటి ఎవరింటికి పోదు.