తాళం వేసిన గదిలో పద్దెనిమిది పాఠాలు

యావన్మందికీ చాటించునది ఏమనగా, మా విశ్వవిద్యాలయంలో సుద్దముక్కకు లెక్కుంది, చీపురుకు లెక్కుంది, మంచినీళ్ల గ్లాసుకు గొలుసుంది. ప్రొఫెసర్లకే ఏమీ లేదు. వాంగ్మూలంలో ఇది అక్కర్లేదని ఇన్‌స్పెక్టర్ గారన్నారు. బతిమాలి రాయించాను.

పేరు పైన రాసుకున్నారు. వయసు నలభై తొమ్మిది. చదువు తొమ్మిదో తరగతి, అదీ సగమే. పని అటెండరు.

పాఠం చెప్పగానే తేదీ, గంట, గది చూసి రిజిస్టరులో సంతకం చేయాలని రూలు. జరిగేది వేరు. తేదీ, గంట, గది నేనే నింపి శనివారం పదకొండింటికి రిజిస్టరు మోసుకెళ్తాను, వారం సంతకాలన్నీ ఒక్క ఊపులో పడతాయి. మా శాఖ హెడ్డు గారైతే ఫోను చూస్తూనే చేస్తారు. ప్రొఫెసర్ల సమయాన్ని కనిపెట్టే కమిటీకి అధ్యక్షుడూ ఆయనే.

మా అక్క కూతురు ఆయన క్లాసే. పద్నాలుగో గది. "మావయ్యా, ఆయన ఈ ఏడాది నాలుగుసార్లు వచ్చారు. అందులో రెండుసార్లు మర్చిపోయిన గొడుగు కోసం వచ్చారు" అంది. ఈసారి తప్పితే చదువు మానిపిస్తానని మా బావ తేల్చేశాడు.

అందుకని మూడు వారాలు రిజిస్టరులో ఆయన పేరెదుట పద్నాలుగు బదులు ఇరవై రెండు అని రాశాను. ఇరవై రెండు విరిగిన బెంచీల గది. ఆరేళ్లుగా తాళం. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. ఆయన పద్దెనిమిది సంతకాలు చేశారు. ఒకచోట "విద్యార్థులు శ్రద్ధగా విన్నారు" అని కూడా రాశారు. తలుపు తీసి చూశాను. పావురాల రెట్ట, చచ్చిన బల్లి. బల్లి శ్రద్ధగానే ఉంది.

సోమవారం పది ఇరవైకి రిజిస్టరు, తాళంచెవి, ముప్పై ఎనిమిది మంది విద్యార్థులు సంతకాలు పెట్టిన ఫిర్యాదు రిజిస్ట్రారు గారి బల్లమీద పెట్టాను.

"రిజిస్టరు మార్చడానికి నువ్వెవడివోయ్?"

"గది మార్చింది నేనే సార్. పాఠం చెప్పానన్నది ఆయన."

వారం తర్వాత నన్ను ఈ పోలీసు స్టేషనుకు పంపారు. హెడ్డు గారు మాత్రం పిల్లలు తిరగబడ్డారని హడలిపోయి, ఫిర్యాదు మర్నాటి నుంచి తొమ్మిదింటికల్లా పద్నాలుగో గదిలో ఉంటున్నారు. మేనకోడలి నోటుబుక్కు ఆరు రోజుల్లో సగం నిండింది.

ఒక్క ముక్క నా కల్పన. పిల్లలెవరూ ఫిర్యాదు చేయలేదు. ఒక్కొక్కరినీ అడిగాను. "మనకెందుకు బాబాయ్, హాజరు వేస్తున్నారుగా" అన్నారు. మేనకోడలూ సంతకం పెట్టనంది. ముప్పై ఎనిమిది సంతకాలూ నావే, కొన్ని ఎడమ చేత్తో. పరీక్షకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. అందాకా ఈ వాంగ్మూలం కాగితం హెడ్డు గారి కంట పడనివ్వొద్దని ఇన్‌స్పెక్టర్ గారికి దణ్ణం పెట్టాను.

చదివి వినిపించారు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను.

(సంతకం, కుడిచేత్తో)