బొమ్మలో పన్నెండు మంది

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే బస్సులో, నా ముందు సీటులో ఒక అవ్వ, ఆమె మనవరాలు కూర్చున్నారు. మనవరాలి ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి ఉంది, తెర మీద రంగురంగుల మనుషుల బొమ్మలు.

“ఇంతమందిని వరసగా నిలబెట్టినావు, ఓట్లేసేదానికా?”

“కాదవ్వా. బీపీ మాత్రల మీద మా డాక్టరు పెద్ద పరిశోధన రాసినాడు. అదంతా చదవలేనోళ్లకు ఒక్క బొమ్మలో చెప్పాల. సాయంత్రానికి పంపితే ఆస్పత్రి గోడకు అంటిస్తారు. వీళ్లు నూరు మంది. ఆకుపచ్చోళ్లకు బీపీ తగ్గింది, ఎర్రోళ్లకు తగ్గలేదు.”

“ఈ బూడిద రంగు పన్నెండు మంది సచ్చిపోయినారా?”

“అయ్యో, లేదు. రెండోసారి పరీక్షకు రాలేదంతే.”

“సూసినోళ్లంతా సచ్చినారనే అనుకుంటారు. ఇంక మాత్ర ఎవురు మింగుతారు? వీళ్లు యాడికి పోయినారో రాయలేదా మీ డాక్టరు?”

“ఉండు, చూస్తా. ఆ, రాసినాడు. గుంటూరు పక్క మిరపకాయలు కోసే సుగ్గికి వలస పోయినారంట.”

“మరి నెత్తిన మూటలు పెట్టు. ఏటా సుగ్గికి పోయే మన పెద్దకడుబూరోళ్లకు ఇంకేం సెప్పాల్సిన పనిలేదు.”

“నా పని నువ్వే చేసేటట్టుండావే.”

“ఆ పెట్టె ఇట్ల ఇయ్యి మరి.”

“నువ్వు కూసో. ఇదో, మూటలు పెట్టినా. వీళ్లను పక్కకు తీసి, మిగిలినోళ్లను దగ్గరికి జరిపితే అందంగా ఉంటుంది.”

“జరపొద్దు పాపా. వాళ్ల చోట్లు అట్లే ఉండనీ. సుగ్గి అయిపోయి వస్తే యాడ నిలబడతారు?”

మనవరాలు నవ్వి, మూటలోళ్లను పక్కన నిలబెట్టి, వరసలో వాళ్ల పన్నెండు చోట్లు ఖాళీగా ఉంచి బొమ్మను డాక్టరుకు పంపింది.