ఎవరూ కాదనకపోతే

దేశాలన్నీ కలిసి పేద దేశాల పనులకు సాయం చేసే నిధి కార్యాలయం. పై అంతస్తులో టీ కాచుకునే ఇరుకు గది. సాయంత్రం వేళ నీళ్ళ క్యాను పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో అక్కాచెల్లెళ్ళిద్దరు కూర్చున్నారు. అక్క ఊరి ఆసుపత్రిలో నర్సు. చెల్లెలు ఆ నిధిలో తన దేశం తరఫున కూర్చునే అధికారి; తన ఫోనును బల్ల మీద బోర్లా పెట్టుకుంది.

“అంటే ఏంటే, ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టేనా?”

“అంతే అక్కా.”

“చెయ్యెత్తటం, ఓటెయ్యటం ఏమీ ఉండవా?”

“ఉండవు. డబ్బివ్వబోయే పనుల జాబితా అందరికీ పంపిస్తారు. ఇవాళ ఆరింటిదాకా గడువు. ఈలోగా ఎవరూ కాదనకపోతే పాసైపోయినట్టు.”

“మన నాన్న దగ్గర నేర్చుకున్నారేమో మీవాళ్ళు. కసరకపోతే సరేనన్నట్టే కదా ఆయన.”

“నవ్వించకు అక్కా.”

“నవ్వుతావేమోననే చూస్తున్నా. వచ్చినప్పట్నించీ మొహం అలా వేలాడేసుకునే ఉన్నావు. మన ఊరికి నది నీళ్ళొస్తున్నాయి. నీ చేతి మీదుగా వస్తున్నాయి. అమ్మకి చెబితే ఏం చేసిందో తెలుసా?”

“ఏం చేసింది?”

“మంచం మీంచి గబుక్కున లేవబోయింది. తను లేవలేనన్న సంగతే మర్చిపోయింది.”

“పడిందా?”

“నేను పట్టుకున్నాలే. టీ చల్లారిపోతోంది, తాగు.”

“నువ్వు తాగు.”

“నాది అయిపోయింది. మీ నీళ్ళతో టీ ఎంత బావుందో! మన ఫ్లోరైడు బోరు నీళ్ళతో గుప్పెడు ఆకు పోసినా ఆ చప్పిడితనం చావదు. ఇంతకీ గోడ మీద ఈ పిల్లెవరు?”

“ఎవరో. నిధి వాళ్ళు వేయించిన బొమ్మ.”

“కొళాయి కింద చేతులు పెట్టి ఎలా నవ్వుతోందో చూడు. ఆ పళ్ళేంటే బాబూ, ఆ తెలుపేంటి! మన ఊళ్ళో ఒక్క పిల్లకైనా ఉన్నాయా అలాంటి పళ్ళు? నాకింత వయసొచ్చింది, ఇప్పటికీ నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. నువ్వంటే తొడుగులు వేయించుకున్నావు.”

“ఉద్యోగం కోసం వేయించుకున్నానక్కా.”

“దెప్పట్లేదే. పళ్ళకైతే చెయ్యి అడ్డం పెట్టుకోవచ్చు. కాళ్ళకేం అడ్డం పెడతాం?”

“మీ బుజ్జిదాన్ని ఎముకల డాక్టరుకి చూపించావా?”

“చూపించాను. మా ఆసుపత్రిలోనేగా. ఎముకలు ఇంకా లేతగానే ఉన్నాయి, ఇప్పుడు నీళ్ళు మారితే కాళ్ళు తిన్నగా నిలబడతాయి అన్నాడు. మారకపోతే ఏమవుతుందో చెప్పలేదు. రోజూ వార్డులో చూసేదే కదా, నాకు వేరే చెప్పాలా అనుకున్నాడేమో.”

“క్యాను నీళ్ళు పోయించుకుంటున్నావుగా?”

“తాగటానికి పోయించుకుంటున్నా. మరి వంటకో? బళ్ళోనో? అది ఆడుకుంటూ ఆడుకుంటూ ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో గ్లాసెత్తేస్తుంది. దాని వెనకాల ఎన్ని ఇళ్ళకని పరిగెత్తను?”

“అవును.”

“అవునంటావేంటే నీరసంగా! ఇంక పరిగెత్తక్కర్లేదు అనాలి. ఇదిగో, ఫోను మోగుతోంది.”

“మోగనీ.”

“ఎవరు?”

“ఆఫీసు వాళ్ళు.”

“ఆఫీసులోనే ఉన్నావుగా.”

“ఇది వేరే.”

“ఏదీ, ఇటియ్యి... ‘దీవి పెద్దాయన’ అని ఉంది. ఎవరే ఈయన?”

“సముద్రం మధ్యలో ఒక చిన్న దేశం. వాళ్ళ మనిషి.”

“తియ్యి మరి. పెద్దాయన అని రాసుకుని మోగనిస్తావేం? పోట్లాడుకున్నారా?”

“లేదక్కా. ఎంత మంచివాడో చెప్పలేను. కొత్తలో నేను మీటింగుకి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలీక గోడకి అంటుకుపోయి నిలబడితే, తన పక్క కుర్చీ లాగాడు. ‘ఇక్కడ అందరూ తెలిసినట్టు నటిస్తారమ్మా. నువ్వూ నటించు, కొన్నాళ్ళకి నిజంగానే తెలుస్తుంది’ అన్నాడు.”

“అలాంటాయన ఫోను తియ్యవా? ఏంటే సంగతి? కప్పులోకి కాదు, నా మొహంలోకి చూసి చెప్పు.”

“చెబుతా. ఈ నిధిలో పెద్ద దేశాలకి తలా ఒక కుర్చీ. మనలాంటి చిన్నవాటికి బోలెడన్నిటికి కలిపి ఒకటి.”

“బస్సులో ముగ్గురి సీట్లో ఆరుగురు సర్దుకున్నట్టా?”

“ఇంకా ఇరుకే. అందరూ మాట్లాడటం కుదరదు కాబట్టి ఏడాదికొకరు వంతు. ఈ ఏడు మనది. అంటే నాది. నేను తప్ప ఆ కుర్చీలోంచి ఇంకెవరూ నోరు విప్పకూడదు.”

“మంచిదేగా.”

“మంచిదే. కానీ మా కుర్చీవాళ్ళ మధ్య ఒక మాట ఉంది. మాలో ఎవరు వచ్చి కాదనమన్నా, వంతులో ఉన్నవాళ్ళు కాదనాలి. ఎందుకని అడక్కూడదు. తమ దేశానికే నష్టమైనా సరే. ఎక్కడా రాసి లేదు. రాసి లేదు కాబట్టే ఇన్నేళ్ళూ ఒక్కరూ తప్పలేదు.”

“ఆ పెద్దాయన నిన్ను కాదనమన్నాడా?”

“ఊఁ.”

“దేన్ని?”

“టీ ఇంకొంచెం పొయ్యనా?”

“టీ సంగతి తర్వాత. దేన్నే? మన నీళ్ళనా?”

“నీళ్ళని కాదక్కా, జాబితాని. మన పని పెద్దది. అది జాబితాలోకొచ్చేసరికి, సముద్రానికి అడ్డంగా వాళ్ళు కట్టుకోవాలనుకున్న గోడ జాబితాలోంచి పోయింది. వచ్చే విడతలో చూస్తామని రాశారు. విడతంటే నాలుగేళ్ళు. నేను కాదంటే జాబితా మొత్తం ఆగుతుంది. పెద్ద సమావేశంలో రెండూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూస్తారు.”

“చూసి?”

“ఏమైనా కావచ్చు. మనది సగానికి కోయొచ్చు. మననే వెనక్కి నెట్టొచ్చు. రెండూ రావచ్చు కూడా అంటాడాయన.”

“నువ్వేమంటావు?”

“రెండూ వచ్చిన రోజు నేనైతే ఇక్కడ చూడలేదు.”

“పంపేశావా?”

“ఏంటి?”

“అదే, కాదంటూ. పంపావా లేదా?”

“లేదు.”

“హమ్మయ్య! గుండె ఆగినంత పని చేశావు కదే. మీ పైవాళ్ళేమంటున్నారు?”

“మన ప్రభుత్వ కార్యదర్శిగారా? ‘నిన్ను ఏమీ చెయ్యమనట్లేదమ్మా. ఆరింటిదాకా ఎక్కడైనా కూర్చుని టీ తాగు’ అన్నారు.”

“తాగుతున్నాంగా మరి!”

“తాగుతున్నాం.”

“పోనీ, ఆయన వేరే కుర్చీ వాళ్ళ చేత కాదనిపించలేడా?”

“ఇప్పటికైనా కుదురుతుంది. పెద్ద కుర్చీల్లో ఒకాయనకి వీళ్ళంటే జాలి. నేను పంపనని తెలిస్తే ఈయన అటు పరిగెత్తేవాడు.”

“తెలీదా ఏంటి?”

“నేను పంపుతాననే కూర్చున్నాడు.”

“కూర్చుంటే కూర్చున్నాడు. నువ్వు పంపుతానన్నావా?”

“‘చూస్తానండీ’ అన్నాను.”

“మా డాక్టర్లూ ఇంతే. ఇంక లాభం లేదనుకున్నవాళ్ళ మంచం దగ్గరే ‘చూస్తాం’ అంటారు. అబ్బబ్బ, మళ్ళీ మోగుతోంది. నేను తీస్తున్నా.”

“అక్కా, వద్దు. అక్కా!”

“హలో... ఆఁ, తన ఫోనేనండీ. నేను వాళ్ళ అక్కని. ఉండండి, స్పీకరు నొక్కుకుపోయింది.”

“అక్కగారా! మీ గురించి చెబుతూనే ఉంటుందమ్మా. నర్సు కదూ మీరు? తనుందా?”

“తను... గదిలో లేదండీ.”

“పనిలో ఉండి ఉంటుంది. ఇవాళ తన నెత్తిన ఎంత బరువుందో నాకు తెలుసు. ఆ జాబితాలోనే మీ ఊరూ ఉంది కదా.”

“మీకు తెలుసా?”

“తెలీకేం? మీ ఊరి పిల్లల కాళ్ళ సంగతి తనే చెప్పింది. అంతున్నా మా కుర్చీ మాట తప్పదు చూడండి, అది అందరి వల్లా కాదమ్మా.”

“మీ గోడ... ఆ గోడ దేనికండీ?”

“మా ఆసుపత్రి వెనకే సముద్రం. పోటు గట్టిగా వస్తే నీళ్ళు కాన్పుల గదిలోకి వచ్చేస్తాయి. బాలింతల్ని మేడ మీదికి మోస్తారు. మా కోడలూ నర్సే. మోసి మోసి నడుం పోగొట్టుకుంది.”

“చేతుల మీదా? స్ట్రెచరు లేదా?”

“ఉందమ్మా. మెట్లు ఇరుకు, మలుపులో తిరగదు.”

“దుప్పట్లో పడుకోబెట్టి నలుగురు నాలుగు మూలలా పట్టుకోమనండి, తిరుగుతుంది. తలవైపు ముందు పోనివ్వాలి. కాన్పైనవాళ్ళని వంగదియ్యకూడదు.”

“చెబుతానమ్మా. తప్పకుండా చెబుతాను. మీరు తనతో ఒక్క మాట చెప్పండి. తన నించి ఇంకా రాలేదని మావాళ్ళు కంగారుపడి, వేరే కుర్చీ వాళ్ళని కూడా అడగమన్నారు. నేను అడగలేదు. తనుండగా ఇంకో గుమ్మం ఎక్కితే తనని అవమానించినట్టే అన్నాను. ఒకటికి పదిసార్లు చదువుకునిగానీ ఏదీ పంపదు, నాకు తెలుసు. తొందరపెట్టటానికి చెయ్యలేదని చెప్పండి.”

“ఆఁ. చెబుతానండీ.”

“ఉంటానమ్మా. మీ పాపని జాగ్రత్తగా చూసుకోండి.”

“పెట్టేశాడు.”

“విన్నాను అక్కా.”

“ఎదురుగా కూర్చుని నా చేత అబద్ధమాడించావు.”

“నేను తియ్యొద్దనే అన్నాను.”

“నాన్న నిన్ను చదివిస్తుంటే ఊరంతా నవ్వింది. మన ఇంటా వంటా లేని చదువు. ‘అది అబద్ధమాడదు, ఆఫీసరయ్యి తీరుతుంది’ అనేవాడు అందరితోనూ.”

“ఇప్పుడూ ఆడట్లేదుగా. అసలు మాట్లాడట్లేదు.”

“ఆ తెలివి కాలేజీలో నేర్పారా, ఇక్కడ నేర్చుకున్నావా?”

“తిట్టు అక్కా. ఎంత తిడతావో తిట్టు.”

“తిట్టటానికి కూడా ఓపిక రావట్లేదే. ఒక్క పని చెయ్యి. ఆయనకి ఫోను చేసి, పంపనండీ అని చెప్పెయ్యి. ఆయన దారి ఆయన చూసుకుంటాడు.”

“చూసుకుంటే జాబితా ఆగిపోతుంది.”

“ఆగితే ఆగనీ. అయ్యో, ఆగితే ఎలాగే! ఏం మనుషులే మీరు? ఇంత మేడ కట్టారు, ఇన్ని లిఫ్టులు పెట్టారు, అద్దాల్లాంటి గదులు పెట్టారు. చివరికి మా బుజ్జిదాన్నీ ఆ బాలింతల్నీ ఒకే కుర్చీలో ఇరికించి తేల్చుకోమన్నారా? ఆ పెద్ద కుర్చీల్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నవాళ్ళు ఏం చేస్తున్నారు?”

“ఏమీ చెయ్యరు. వాళ్ళకి కాదనే అవసరం రాదక్కా. వాళ్ళ మాటలు జాబితా రాసేముందే అయిపోతాయి.”

“అన్నీ తెలిసి ఇందులో ఎలా ఉంటున్నావే?”

“తెలీదు. నిన్నే చేరినట్టూ ఉంటుంది, పుట్టినప్పట్నించీ ఇదే చేస్తున్నట్టూ ఉంటుంది. ఒక్కో రోజు లిఫ్టులో పైకొస్తుంటే, ఇది ఇలాగే ఆగిపోతే బావుండుననిపిస్తుంది.”

“ఛ, అలా అనకు. చెయ్యి ఇటియ్యి. ఇంత చల్లగా ఉందేంటి?”

“ఏసీ.”

“ఏసీ కాదు. ఇలా చూడు. మా వార్డులో మంచం కోసం వరండాలో ఎంతమంది ఎదురుచూస్తుంటారో నీకు తెలుసు. ఇంకొకళ్ళు లేస్తేగానీ మంచం దొరకదు. నేనే దుప్పటి మార్చి కొత్తవాళ్ళని పడుకోబెడతాను. అది నా పని, దానికి ఏడవను. కానీ పడుకున్నవాళ్ళని నిద్రలో ఉండగా దింపి కింద పెట్టలేదే ఎప్పుడూ. నాకు చేతకాదు. నీకూ కాదు.”

“అక్కా...”

“ఆగు, మాట్లాడనీ. ఆ నీళ్ళు మన ఇంటికొచ్చి, కొళాయి తిప్పిన ప్రతిసారీ నాకు ‘అక్కగారా’ అన్న ఆ గొంతు వినపడుతుంది. బుజ్జిదాని వెనకాల ఇంకొన్నాళ్ళు పరిగెత్తుతాలే. ఇంటింటికీ తిరిగి గ్లాసులు లాక్కుంటాను. నువ్వు పెద్ద సమావేశంలో గొంతు చించుకో. రెండూ తెస్తావో, సగమే తెస్తావో, ఏదో ఒకటి తే. పంపెయ్యి.”

“నిజంగా అంటున్నావా?”

“మళ్ళీ మళ్ళీ అడిగితే మాట మార్చేస్తాను. అటు తిరిగి కూర్చుంటా, నేను చూడను. రాసి ఉంచావా?”

“పొద్దున్నే రాసి ఉంచాను.”

“నొక్కటమేగా ఇంక?”

“నొక్కటమే.”

“నొక్కు మరి. ఏంటే, అలా చూస్తావేం? చెయ్యి కదలదేం?”

“ఆరు దాటిపోయింది అక్కా.”

“ఎప్పుడు?”

“నువ్వు పెద్ద కుర్చీల వాళ్ళని తిడుతున్నప్పుడు.”

“చూస్తూనే ఉన్నావా?”

“చూస్తూనే ఉన్నాను.”

“టైమవుతోంది అక్కా అని ఒక్క మాట అనలేకపోయావా? నన్నలా వాగనిచ్చావా? సంతోషం పంచుకుందామని పిలిచావనుకున్నానే నేను! సెలవు పెట్టి, పిల్లని పక్కింట్లో వదిలి, పడుతూ లేస్తూ వచ్చాను...”

“ఒక్కదాన్నే ఉంటే పొద్దున్నే పంపేసేదాన్నక్కా. అందుకే నిన్ను రమ్మన్నాను.”