కీర్తిశేషుడి ఇస్త్రీ చొక్కా

ఆగవే, అప్పుడే తలుపు దగ్గరికి పోకు. ఇంకా రాలేదుగా అతను! వస్తే బెల్లు కొడతాడు. ఈలోపు నా మాట విను. ఇవాళ నేను బాత్రూంలోకి వెళ్ళను. అంతే, ఇంక మాట్లాడకు.

ఇస్త్రీ చొక్కా ఎందుకేసుకున్నాననుకున్నావు మరి? బకెట్టుకీ మగ్గుకీ చూపించుకోడానికా? పోయినసారి అతనొచ్చినప్పుడు నన్ను లోపలికి తోసి ఎంతసేపు నిలబెట్టావో గుర్తుందా? దగ్గొస్తే నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. అవతల హాల్లో ఆ పబ్లిషరేమో, "ఆయన ఎలా పోయారమ్మా?" అంటాడు. నువ్వేమో, "నిద్రలోనే పోయారండీ, ఏం బాధపడలేదు" అంటావు! ఎంత తేలిగ్గా అనేశావే! కట్టుకున్నవాణ్ణి చంపేటప్పుడు కాస్త గొంతయినా వణకొద్దూ?

నవ్వకు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

అసలు నేను పోయానని చెప్పమని నీకెవరు చెప్పారు? అతనికి ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన నా నవల దొరికిందట. బస్సులో చదువుతూ దిగాల్సిన చోట దిగడం కూడా మర్చిపోయాట్ట. ఎవరెవర్నో అడిగి ఇల్లు పట్టుకుని వచ్చాడు. మళ్ళీ అచ్చేస్తానన్నాడు. "బజారుకెళ్ళారు, వచ్చేస్తారు, కూర్చోండి" అంటే నీ సొమ్మేం పోయింది?

ఆఁ, అన్నాన్లే. కాదన్నానా? "నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ పుస్తకం మళ్ళీ అచ్చు కానివ్వను" అన్నాను. మొదట వేసినవాడు అమ్ముడుపోలేదని కట్టలకి కట్టలు తూకానికి వేసేస్తే కడుపు మండదూ? ముప్ఫయ్యేళ్ళు అదే పాట పాడాను. అడగొచ్చిన ఒకరిద్దర్నీ గుమ్మంలోంచే తరిమేశాను. అంతమాత్రాన నువ్వు ఆ ప్రాణమే తీసేస్తావా?

పుస్తకం బాగానే వేశాడు, ఆ మాటకొస్తే. మంచి కాగితం. పేరు ముందు "కీర్తిశేషులు" అని మరీ పెద్ద అక్షరాలు.

ఆవిష్కరణ సభకి కూడా వెళ్ళొచ్చాను. అవును, నీకు చెప్పలేదు. టోపీ పెట్టుకుని చివరి వరసలో కూచున్నాను. స్టేజి మీద నా పెళ్ళికి ముందు ఫోటో. అంత జుట్టు చూశాక నన్నెవరు గుర్తుపడతారు? ఒకమ్మాయి పుస్తకంలోంచి ఓ పేజీ చదువుతూ ఏడ్చేసింది. నా పక్కనున్నాయన, "బతికుండగా ఎవరూ పట్టించుకోలేదటండీ, పాపం" అన్నాడు. "పాపం" అన్నాను నేను కూడా. ఇంకేమనమంటావు?

ఇప్పుడు లైబ్రరీకి పోలేను, పుస్తకాల షాపుకి పోలేను. నేను బతికే ఉన్నానంటే నువ్వు అబద్ధాలకోరువి, అతను మోసగాడు. నోరు మూసుకుంటే నేను శవాన్ని. ఇంట్లో బాత్రూం, బయట టోపీ. ఊపిరాడటం లేదే నాకు!

అందుకే ఇవాళ హాల్లో, ఇదిగో, ఈ కుర్చీలోనే కూచుంటాను. అతను రాగానే "నమస్కారమండీ, నేనే" అంటాను. మూర్ఛపోతే నీళ్ళు చల్లు.

ఏంటీ? రెండో నవల కోసం వస్తున్నాడా? అటకమీద కట్ట ఉందని అది కూడా నువ్వే చెప్పావూ?

అయ్యో...

కూర్చో ఒక్క క్షణం. నువ్వు మీ చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఆ కట్ట దింపాను. సగంలో వదిలేసింది పూర్తి చేద్దామనుకున్నాను. పాత ధోరణి పట్టుబడుతుందని ముందు ఆ అచ్చయిన నవల చదివాను. ఎవరో రాసింది చదివినట్టు చదివాను. ఎంత బాగా రాశాడే వాడు! నాకు అసూయ వేసింది, నమ్ముతావా? ఆ తర్వాత పెన్ను పట్టుకున్నాను. రాసింది రాసినట్టే చింపేశాను. బీరువా కింద కాగితం ముక్కలు ఎలకల పని అని బోను పెట్టావే, అవి నావి.

నిన్ను అనవసరంగా తిట్టాను. నువ్వు చెప్పింది అబద్ధమేం కాదు. అది రాసినవాడు పోయాడు. ఎప్పుడు పోయాడో నాకే తెలీదు. నిద్రలోనే పోయుంటాడు, ఏం బాధపడకుండా.

అదిగో బెల్లు. వస్తున్నామని కేకెయ్యి... కాదు కాదు, వస్తున్నానను.

బీరువాలో ఉంది, ఆ కట్ట తీసుకో. సగమే ఉందని చెప్పు. పోయినవాడు సగంలో ఆపితే అయ్యో అంటారు. బతికున్నవాడు ఆపితే మిగతాది ఎప్పుడిస్తారంటారు. ఏం సమాధానం చెప్పను నేను?

వెళ్ళు, తలుపు తియ్యి. పోతున్నాలే లోపలికి. చొక్కా నలిగితే నలగనీ, చూసేదెవరు?

ఆ తువ్వాలు ఇలా పడెయ్.